సమీకరణాన్ని గ్రాఫు మీద సరిచూసుకోవాలి: ఎనిమిది, తొమ్మిది తరగతుల గణిత సాధన గురించి

ఎనిమిదో తరగతి గణితంలో ఏక చరరాశి రేఖీయ సమీకరణాలు ఒక అధ్యాయంగా, గ్రాఫులు మరో అధ్యాయంగా వస్తాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నిరూపక రేఖాగణితం, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు వేర్వేరు శీర్షికల కింద ఉంటాయి. పాఠ్యపుస్తకానికి ఈ విభజన తప్పదు కానీ, ఇంటి దగ్గర సాధన కూడా అదే పద్ధతిలో సాగితే విద్యార్థి రెండింటినీ విడివిడిగా నేర్చుకొని విడివిడిగానే మరిచిపోతాడు. సమీకరణం సాధించిన పూటే దానికి సంబంధించిన గ్రాఫు గీయడం, గ్రాఫులో కనిపించిన జవాబును తిరిగి సమీకరణంలో ప్రతిక్షేపించడం అలవాటైతే, జవాబు సరైనదో కాదో తెలుసుకోవడానికి పుస్తకం చివరి పేజీలు తిప్పాల్సిన పని ఉండదు.

ఇందుకు కావలసిన సామగ్రి చాలా తక్కువ. ఒక రూళ్ల నోటుబుక్కు, ముక్కు సన్నగా చెక్కిన పెన్సిలు, అంచు దెబ్బతినని స్కేలు, మిల్లీమీటరు గళ్ల గ్రాఫు కాగితాలు ఉంటే చాలు. ఈ కాగితాలు హన్మకొండలోనే కాదు, మండల కేంద్రాల్లోని చిన్న స్టేషనరీ దుకాణాల్లోనూ విడిగా దొరుకుతాయి. నోటుబుక్కులో కుడి పేజీని సాధనకు, ఎడమ పేజీని చిత్తు లెక్కలకు, సరిచూచుటకు కేటాయించాలి. చిత్తు లెక్కను చెరిపేయకూడదు, ఎందుకంటే తప్పు ఏ వరుసలో జరిగిందో ఆ తరువాత చెప్పగలిగేది అదొక్కటే.

మొదట సమీకరణాల సంగతి చూద్దాం. "పక్షం మారితే గుర్తు మారుతుంది" అన్న సూత్రాన్ని పిల్లలు అర్థం కంటే ముందు కంఠస్థం చేస్తారు. అందువల్ల 3ఎక్స్ = 12 అన్నచోట కూడా 3ను అవతలి పక్షానికి పంపి, ఎక్స్ = 12 − 3 = 9 అని రాసేవాళ్లు ప్రతి తరగతిలో కనిపిస్తారు. ఇక్కడ 3 కూడిక ద్వారా కాక గుణకారం ద్వారా ఎక్స్‌తో కలిసి ఉంది కనుక, రెండు పక్షాలనూ 3తో భాగించాలి, జవాబు 4. కొత్తగా నేర్చుకునేవారు కొన్ని వారాలపాటు పక్షాంతరం అన్న మాటను పక్కనపెట్టి, ప్రతి వరుస పక్కన "రెండు వైపులా 5 కలిపాను", "రెండు వైపులా 3తో భాగించాను" అని చిన్న అక్షరాలతో రాయడం మంచిది. దీనివల్ల కొంత సమయం పడుతుందన్నది నిజమే, అయినా ఈ దశలో వేగం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

రెండో పెద్ద చిక్కు కుండలీకరణం ముందున్న ఋణ గుర్తుతో వస్తుంది. ఈ సమీకరణాన్ని నిదానంగా చూడండి.

2(ఎక్స్ + 3) − (ఎక్స్ − 4) = 15

చాలామంది రెండో కుండలీకరణాన్ని తీసేటప్పుడు −ఎక్స్ − 4 అని రాస్తారు. అప్పుడు ఎక్స్ + 2 = 15 వచ్చి, జవాబు 13 అని తేలుతుంది. అసలు ఋణ గుర్తు కుండలీకరణంలోని రెండు పదాలకూ వర్తించాలి కాబట్టి అది −ఎక్స్ + 4 కావాలి. అప్పుడు ఎక్స్ + 10 = 15, కనుక ఎక్స్ = 5. ఇప్పుడు ఎడమ పేజీలో రెండు జవాబులనూ ప్రతిక్షేపించి చూడాలి. 13 పెడితే 2 × 16 − 9 = 23 వస్తుంది, కుడి పక్షంలో ఉన్నది 15. 5 పెడితే 2 × 8 − 1 = 15 వస్తుంది. ఒకే ఒక్క వరుసలో తప్పు బయటపడింది. ఋణ సంఖ్యల నియమాలు పిల్లలను మాత్రమే తికమకపెట్టాయని అనుకోనక్కరలేదు, క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ధన, ఋణ రాశుల కూడికకూ గుణకారానికీ నియమాలను రాసిపెట్టిన తరువాత కూడా, ఋణ సంఖ్యలను నిజమైన సంఖ్యలుగా ఒప్పుకోవడానికి యూరప్‌లోని గణితజ్ఞులు శతాబ్దాల పాటు వెనుకాడారు.

చరరాశులకు ఏ విలువ ఇచ్చినా నిజమయ్యే సమీకరణాలైన సర్వసమీకరణాల్లో అన్నిటికంటే మొండిగా నిలిచే తప్పు (ఎ + బి)² = ఎ² + బి² అని రాయడం. దీన్ని సరిదిద్దడానికి గ్రాఫు కాగితమే ఉత్తమ సాధనం. 5 సెంటీమీటర్ల భుజంతో ఒక చతురస్రం గీసి, రెండు పక్క భుజాలను 3 సెం.మీ., 2 సెం.మీ. చొప్పున విడదీస్తూ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు గీయాలి. లోపల 9 చదరపు సెంటీమీటర్ల చతురస్రం ఒకటి, 4 చదరపు సెంటీమీటర్ల చతురస్రం ఒకటి ఏర్పడతాయి. వీటితోపాటు 3 × 2 దీర్ఘచతురస్రాలు రెండు మిగులుతాయి. విద్యార్థి మరిచిపోయిన 2ఎబి అంటే ఆ రెండు దీర్ఘచతురస్రాలే. 9 + 4 + 12 = 25 అని తన చేత్తో రంగులు వేసి లెక్కపెట్టుకున్న పిల్లవాడికి ఆ పదం మళ్లీ గుర్తుచేయాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

ఇక నిరూపకాలు. తలంలో ఒక బిందువును రెండు సంఖ్యలతో గుర్తించే ఆలోచనను రేఖాగణితానికి అన్వయించి 1637లో ప్రచురించినవాడు ఫ్రాన్స్‌కు చెందిన రెనె డెకార్ట్. ఈ సంగతి తెలియకపోయినా లెక్కలు వస్తాయి. తెలియాల్సిందల్లా మూలబిందువు ఎక్కడ, ఏ దిశ ధనాత్మకం, ఏ సంఖ్య ముందు అన్న మూడే విషయాలు. వరంగల్ కోట చూసినవారికి ఇది సులభంగా మనసుకెక్కుతుంది. శిథిలమైన స్వయంభూ దేవాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. ప్రాంగణం నడిమధ్యను మూలబిందువు అనుకొని, తూర్పును ధన ఎక్స్ దిశగా, ఉత్తరాన్ని ధన వై దిశగా తీసుకొంటే, తూర్పు తోరణం ఎక్స్ అక్షం మీద ఉంటుంది కనుక దాని వై నిరూపకం సున్నా. ఉత్తర తోరణానికి ఎక్స్ నిరూపకం సున్నా. రెండు అక్షాలు తలాన్ని విడదీసే నాలుగు భాగాలను పాదాలంటారు. ఈ తోరణాలు ఏ పాదంలో ఉన్నాయని అడిగితే ఏ పాదంలోనూ లేవన్నదే సరైన జవాబు, ఎందుకంటే అక్షాల మీది బిందువులు ఏ పాదానికీ చెందవు. ఉత్తర, పశ్చిమ తోరణాల నడుమ ఉన్న జాగాలో నిలబడిన మనిషికి ఎక్స్ నిరూపకం ఋణం, వై నిరూపకం ధనం. అది రెండో పాదం. కోటకు వెళ్లినప్పుడు ఈ పటాన్ని పిల్లల చేత ఒక కాగితం మీద గీయించవచ్చు.

బిందువులను గుర్తించే సాధనలో (3, −2), (−2, 3) వంటి జతలను ఒకే కాగితం మీద పక్కపక్కనే గుర్తించాలి. మొదటిది నాలుగో పాదంలో, రెండోది రెండో పాదంలో పడతాయి. క్రమం మారితే బిందువే మారిపోతుందని అప్పుడు కంటికి కనిపిస్తుంది. దూరాల దగ్గర మరో జాగ్రత్త అవసరం. (−3, 2), (5, 2) బిందువుల మధ్య దూరం ఎంతని అడిగితే 5 లోంచి 3 తీసివేసి 2 అనేవారు ఉంటారు. గళ్లు లెక్కిస్తే 8 అని తెలుస్తుంది, ఎందుకంటే వై అక్షానికి ఎడమవైపు 3, కుడివైపు 5 యూనిట్లు ఉన్నాయి. 5 − (−3) అన్న తీసివేతకు అర్థం కూడా అక్కడే దొరుకుతుంది. ఆ తరువాత (1, 1), (5, 1), (5, 4) శీర్షాలతో త్రిభుజం గీసి, భూమి 4, ఎత్తు 3, వైశాల్యం 6 చదరపు యూనిట్లు అని రాబట్టి, పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణం 5 అని తేల్చి, స్కేలుతో కొలిచి చూడాలి. పదో తరగతిలో వచ్చే దూర సూత్రం ఈ లెక్క తప్ప వేరేది కాదు.

ఇంతవరకు వచ్చినవారు రేఖలు గీయడం మొదలుపెట్టవచ్చు. 2ఎక్స్ + 3వై = 12 తీసుకొందాం. ఎక్స్‌కు 1, 2 వంటి విలువలు ఇస్తే వైకి భిన్నాలు వచ్చి బిందువును గుర్తించడం కష్టమవుతుంది. వై గుణకం 3 కనుక, ఎక్స్‌కు 0, 3, 6 అని 3 గుణిజాలు ఇస్తే వై విలువలు 4, 2, 0 అని పూర్ణాంకాలుగా వస్తాయి. రేఖ గీయడానికి రెండు బిందువులు చాలని అందరికీ తెలుసు, అయినా మూడో బిందువు గుర్తించడం మానకూడదు. మూడూ ఒకే రేఖ మీదికి రాకపోతే పట్టికలో ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. ఉపాధ్యాయుడు పక్కన లేని వేళల్లో ఇంతకంటే నమ్మకమైన తనిఖీ లేదు. గీసిన రేఖను బిందువుల దగ్గర ఆపకుండా రెండు చివరలా పొడిగించి, ఎక్స్ = −3 దగ్గర వై ఎంత ఉందో గ్రాఫులో చదవాలి. 6 అని కనిపించాలి. సమీకరణంలో పెడితే −6 + 18 = 12 అని సరిపోతుంది.

గ్రాఫు స్కేలు, అంటే అక్షం మీద ఒక సెంటీమీటరుకు ఎంత విలువ అన్నదాని ఎంపికను పిల్లలు తేలికగా తీసుకుంటారు కానీ, ఎక్కువ గ్రాఫులు చెడేది దాని దగ్గరే. త్రిభుజాలు, చతురస్రాలు గీసేటప్పుడు రెండు అక్షాల మీదా ఒకే స్కేలు ఉండాలి; లేకపోతే చతురస్రం దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. కాలం, దూరం వంటి వేర్వేరు రాశుల విషయంలో స్కేళ్లు వేరుగా ఉండవచ్చు. ఉదాహరణకు వరంగల్, కాజీపేట స్టేషన్ల మధ్య దూరాన్ని 10 కి.మీ. అనుకొని, కాజీపేటలో బయలుదేరి సికింద్రాబాద్ వైపు గంటకు 60 కి.మీ. వేగంతో పోయే రైలు ఎక్స్ గంటల తరువాత వరంగల్ నుంచి ఎంత దూరంలో ఉంటుందని అడగవచ్చు. వై = 60ఎక్స్ + 10. ఇందులో ఎక్స్ అక్షం మీద 2 సెం.మీ.కు ఒక గంట, వై అక్షం మీద 1 సెం.మీ.కు 10 కి.మీ. తీసుకొంటే రేఖ కాగితంలో ఇముడుతుంది. ఈ రేఖ మూలబిందువు గుండా ఎందుకు పోలేదో చెప్పమని విద్యార్థిని తప్పక అడగాలి. రైలు కదలక ముందే వరంగల్‌కు 10 కి.మీ. దూరంలో ఉన్నదన్న సమాధానం తనంతట తానుగా చెప్పగలిగితే, స్థిరపదం అర్థం అతనికి తెలిసినట్టే.

రాత లెక్కల్లో, అంటే వాక్యాల రూపంలో ఇచ్చే లెక్కల్లో, చిక్కు గణితంలో కంటే వాక్యంలోనే ఎక్కువ. ఇంగ్లీషు మాధ్యమానికి మారిన విద్యార్థుల దగ్గర రెండు భాషల పాఠ్యపుస్తకం ఉంటే, ముందు తెలుగు పేజీలోని లెక్కను చదివి, ఆ తరువాత ఎదుటి పేజీ చూడడంలో చిన్నతనమేమీ లేదు. చదివిన వెంటనే సమీకరణం రాయకూడదు. "ఎక్స్ అంటే ఏమిటి, ఏ కొలతలో" అన్నది ముందుగా ఒక పూర్తి వాక్యంగా రాయాలి. ఈ లెక్క చూడండి: ఒక రైతు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మక్కలు కలిపి 20 క్వింటాళ్లు తెచ్చాడు. పత్తి క్వింటాలుకు 7,000 రూపాయలు, మక్కలు క్వింటాలుకు 2,000 రూపాయలు చొప్పున అమ్మితే 1,00,000 రూపాయలు వచ్చాయి. ఏది ఎంత తెచ్చాడు? ధరలు లెక్క కోసం తీసుకొన్నవి మాత్రమే.

పత్తి ఎక్స్ క్వింటాళ్లు అనుకొంటే మక్కలు 20 − ఎక్స్ క్వింటాళ్లు. కనుక 7000ఎక్స్ + 2000(20 − ఎక్స్) = 1,00,000. సూక్ష్మీకరిస్తే 5000ఎక్స్ = 60,000, ఎక్స్ = 12. పత్తి 12, మక్కలు 8 క్వింటాళ్లు. సరిచూస్తే 84,000 + 16,000 = 1,00,000. ఇక్కడ ఆగకుండా తొమ్మిదో తరగతి విద్యార్థి ఇదే లెక్కను రెండు చరరాశులతో రాయాలి. మక్కలను వై అనుకొంటే ఎక్స్ + వై = 20, సొమ్మును వేలల్లో రాస్తే 7ఎక్స్ + 2వై = 100. రెండు అక్షాల మీదా 1 సెం.మీ.కు 2 క్వింటాళ్లు తీసుకొని మొదటి రేఖకు (0, 20), (10, 10), (20, 0) బిందువులు గుర్తించవచ్చు. రెండో రేఖకు ఎక్స్ = 0 ఇస్తే వై 50 వచ్చి కాగితం దాటిపోతుంది కనుక (10, 15), (12, 8), (14, 1) తీసుకోవాలి. రెండు రేఖలు (12, 8) దగ్గర ఖండించుకొంటాయి. కాగితం మీద సాధించిన జవాబే గళ్ల మీద ప్రత్యక్షమవుతుంది. పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జత అన్న అధ్యాయం మొత్తం ఇక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి, ఈ ఒక్క లెక్క మీద ఒక సాయంత్రమంతా గడిపినా ఎక్కువ కాదు.

పుస్తకంలోని లెక్కలు అయిపోతే గైడ్లు కొననక్కరలేదు. జవాబును ముందు అనుకొని లెక్కను వెనుక నుంచి కట్టవచ్చు. ఎక్స్ = 4 అనుకోండి. 3 × 4 − 5 = 7, 4 + 3 = 7. రెండూ సమానం కనుక 3ఎక్స్ − 5 = ఎక్స్ + 3 అన్న సమీకరణం తయారైంది. దీన్ని స్నేహితునికి ఇచ్చి, అతను కట్టిన లెక్క తాను తీసుకోవాలి. వై = 3ఎక్స్ − 5, వై = ఎక్స్ + 3 అన్న రెండు రేఖలను గీస్తే అవి (4, 7) దగ్గర కలుస్తాయి.

తల్లిదండ్రులకు బీజగణితం రాకపోయినా ఈ సాధనను పర్యవేక్షించవచ్చు. "నీకొచ్చిన సంఖ్యను లెక్కలో పెట్టి రెండు వైపులా ఎంతెంత వస్తుందో చదివి వినిపించు" అని అడిగితే సరిపోతుంది. రెండు వైపులా ఒకే సంఖ్య రాకపోతే పిల్లవాడే మళ్లీ నోటుబుక్కు తెరుస్తాడు. ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం), ఎస్ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షల ముందు మాత్రం అధ్యాయాల వారీగా కాక, ఒక సమీకరణం, ఒక సర్వసమీకరణం, ఒక గ్రాఫు, ఒక రాత లెక్క కలగలిపి చేయించాలి, ఎందుకంటే ప్రశ్నపత్రంలో ఏ లెక్కకు ఏ పద్ధతి వాడాలో పైన శీర్షిక రాసి ఉండదు.