మన కారు, మన చేతి పని – 3వ పాఠం: గీత పడితే ఏం చేయాలి, సొట్ట పడితే ఏం చేయాలి

పోయిన పాఠంలో కారు బాడీలో ఏ భాగాన్ని ఏమంటారో, మీ కారు రంగు కోడ్ ఎక్కడ రాసి ఉంటుందో చూశాం. ఈసారి చేతులకు పని తక్కువ, కళ్లకూ వేలిగోరుకూ ఎక్కువ. దెబ్బ తగిలాక ఏది వెంటనే చేయించాలి, ఏది ఆగినా పర్వాలేదు, దేన్ని అసలు ముట్టుకోకూడదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలా వద్దా... ఇవన్నీ మీ అంతట మీరే తేల్చుకోగలగాలి. వచ్చే పాఠంలో టచప్ వేయడం, అంటే గీత పడిన మేరకే రంగు పూయడం, నేర్చుకుంటాం. అయితే ఈ పాఠం ఒంటబట్టకుండా ఆ పనికి దిగొద్దు. టచప్ అక్కర్లేని చోట వేసి కారును మరింత వికారం చేసుకునేవాళ్లు చాలామంది.

జగదాంబ సెంటర్లో పార్కింగ్ నుంచి కారు బయటికి తీస్తున్నారు, పక్కనుంచి ఆటో గీరుకుంటూ పోయింది అనుకోండి. ఎవరికైనా నోట్లోంచి మొదట వచ్చే మాట "ఎంతవుతుందో?" అన్నది. అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సింది "ఇనుప రేకు బయటపడిందా?" అని. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

విశాఖలో ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు రేకు మీద చేరి గాలిలోని తేమను లాగి పట్టి ఉంచుతుంది. ఆ తడిలో తుప్పు తొందరగా పుడుతుంది. లోతట్టు పొడి ఊళ్లలో నెలల తరబడి ఊరుకున్నా ఏమీ కాని గీత, బీచ్ రోడ్డు పక్కనో పెదవాల్తేరులోనో ఆరుబయట పెట్టిన కారుకు కొద్ది రోజుల్లోనే ఎర్రబారుతుంది. పైగా తుప్పు గీత దగ్గరే ఆగదు, పక్కనున్న మంచి రంగు కిందకు పాకి దాన్ని పొంగిస్తుంది. అందుకే మన ఊళ్లో ఏ దెబ్బకైనా గడువు పెట్టాల్సింది తుప్పును చూసి. దెబ్బ చూడ్డానికి ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి.

రేకు బయటపడిందో లేదో తెలియాలంటే దాని మీద ఏమేం ఉంటాయో తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు రేకు మీద తుప్పు ఆపే పూత, దాని మీద ప్రైమర్ అనే అడుగు పూత, ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో పదో వంతు. అందులో క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లకు మించదు. పాలిష్ పట్టినప్పుడల్లా అరిగేది అదే.

ఇప్పుడు పరీక్ష. ముందు ఆ చోటు షాంపూ నీళ్లతో కడిగి ఆరనివ్వండి. దుమ్ముతో ఉన్న గీతను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పోర్టు వైపు నుంచి దుమ్ము వచ్చి పడే జ్ఞానాపురం, మల్కాపురం లాంటి చోట్ల ఉండేవాళ్లు ఇంకాస్త ఎక్కువ నీళ్లు పోయాలి. పొడిగుడ్డతో రుద్దితే ఆ దుమ్మే కొత్త గీతలు గీస్తుంది. తర్వాత గీత మీద కాసిని నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్ కోటులోనే ఉంది. పాలిష్‌తో పోతుంది, తొందరేమీ లేదు.

తడిలోనూ కనిపిస్తుంటే గీతకు అడ్డంగా వేలిగోరు మెల్లగా జరపండి. గోరు తట్టుకుని ఆగితే గీత క్లియర్ కోటు దాటి ఉంటుంది, పాలిష్ దాన్ని పూర్తిగా తీయలేదు. అప్పుడు గీత అడుగున ఏ రంగు ఉందో పగటి వెలుతురులో చూడండి. కారు రంగే ఉంటే తొందర లేదు. బూడిద రంగో తెల్లగానో ఉంటే అది ప్రైమర్, నెలలోపు టచప్ వేయాలి. లోహం తళుక్కుమంటే, లేదా అప్పుడే గోధుమరంగు చుక్కలు కనిపిస్తే, అది ఈ వారం పని.

ఒక్కోసారి గీత అనుకున్నది గీతే కాదు, అవతలి బండి రంగో అపార్టుమెంటు స్తంభం సున్నమో అంటుకుని ఉంటుంది. మన రంగు మీద పైకి లేచినట్టు తగులుతుంది, లోపలికి దిగదు. కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ (మచ్చను మెల్లగా అరగదీసే ముద్ద) మెత్తటి గుడ్డకు పెట్టి రుద్దితే పోతుంది. అదే చూపించి ప్యానెల్ మొత్తం రంగు వేయాలని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. టూత్‌పేస్టు చిట్కా కూడా చాలామంది చెబుతారు. అది గీతను పూడ్చదు, చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీస్తుంది.

ఈ వారమే షెడ్డుకు వెళ్లడం కుదరకపోతే బయటపడిన రేకునైనా కప్పి ఉంచండి. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టచప్ ప్రైమర్ ఒక చుక్క పెడితే చాలు. అదీ దొరక్కపోతే రంగులేని నెయిల్ పాలిష్ పెట్టండి. అందంగా ఉండదు, కానీ ఉప్పుగాలిని ఆపుతుంది.

ఇక సొట్ట. దీనికి మూడు విషయాలు చూడాలి: రంగు పగిలిందా, సొట్ట ఎక్కడ పడింది, అంచు గుండ్రంగా ఉందా లేక మడతపడిందా. రంగు పగలకుండా డోరు మధ్యలోనో బానెట్ మీదో గుండ్రంగా పడిన సొట్టకు రంగు వేయించకుండానే బాగుచేసే పద్ధతి ఉంది, దాన్ని పీడీఆర్ (పెయింట్‌లెస్ డెంట్ రిపేర్) అంటారు. లోపలి వైపు నుంచి సన్నటి ఊచలతో కొంచెం కొంచెంగా రేకును పైకి నెడతారు, లేదా బయటి నుంచి జిగురు పెట్టి లాగుతారు. డోరు అంచున, బాడీ గీత (రేకులోనే పొడవుగా మలిచిన మడత, గీరిన గీత కాదు) మీద, రెండు పొరల రేకు ఉండే చోట ఇది కష్టం. మడతపడి రేకు సాగిపోయినప్పుడు కూడా అంతే.

వీలైన చోట రంగు వేయించకుండానే బాగుచేయించమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్యాక్టరీలో వేసిన రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పటికి కారు లోపల సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ ఏమీ ఉండవు. మన చేతికొచ్చిన కారును అంత వేడిలో పెట్టలేం కాబట్టి, మంచి బూత్ (రంగు వేసే మూసిన గది) ఉన్న వర్క్‌షాపులో కూడా 60 డిగ్రీల చుట్టూనే ఆరబెడతారు. ఆ రంగు బాగానే ఉంటుంది, కానీ మొదటి రంగు అంత గట్టిగా ఉండదు. పోయిన ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు. చిన్న గీత కోసం డోరు మొత్తం రుద్దించి రంగు వేయించే ముందు ఇది తలుచుకోండి.

బంపర్ సంగతి వేరు. అది ప్లాస్టిక్, తుప్పు పట్టదు. అందుకే బంపర్ మూలన గీరుకుపోయిన మచ్చలను, ఇంకో పెద్ద పని పడేదాకా అలాగే వదిలేయమని చెబుతాను. అయితే గుద్దు గట్టిగా తగిలితే బంపర్ బయటికి మామూలుగానే కనిపిస్తూ లోపలి క్లిప్పులు, హెడ్‌లైట్ పట్టుకునే బ్రాకెట్లు విరిగి ఉండవచ్చు. బంపర్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందో లేదో చూడండి. డోరు మునుపటిలా పడుతోందా, పార్కింగ్ సెన్సర్లు పనిచేస్తున్నాయా, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా? వీటిలో ఏది తేడాగా ఉన్నా ఈ పాఠాన్ని పక్కనపెట్టి కారును వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.

ఇప్పుడు చాలామంది తప్పటడుగు వేసే చోటికి వచ్చాం. "ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ పెట్టేద్దాం" అంటారు. లెక్క వేసి చూద్దాం.

క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి సొంత నష్టం ప్రీమియంలో (మన కారుకే జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌కి అది సున్నాకి పడుతుంది. మీ ప్రీమియంలో సొంత నష్టం భాగం, బోనస్ తీయకముందు, 9,000 రూపాయలు అనుకోండి. ఇప్పుడు మీకు 35 శాతం బోనస్ ఉంది. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే ఏడాది 45, ఆ తర్వాత 50. పెడితే సున్నా, తర్వాత 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడా చూస్తే 45, 30, 25, 15, 5 శాతాలు. కూడితే 120 శాతం, అంటే 10,800 రూపాయలు. చాలామంది మొదటి ఏడాది తేడా 4,050 ఒక్కటే చూసి ఆగిపోతారు.

ఇక క్లెయిమ్ పెడితే ఎంత చేతికొస్తుంది? డోరు బాగుచేతకు 12,000 బిల్లు, అందులో రంగు పని 8,000 అనుకుందాం. 1500 సీసీ వరకు ఉన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, అంతకు మించితే 2,000. జీరో డిప్రిసియేషన్ (అరుగుదల పేరుతో కోత లేకుండా చేసే యాడ్ ఆన్, అంటే అదనపు కవరు) లేని పాలసీ అయితే రంగు మెటీరియల్ విలువలో సగం కోస్తారు. బిల్లులో మెటీరియల్ విడిగా చూపకపోతే రంగు పని మొత్తంలో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కేస్తారు. అంటే 8,000లో 2,000, దాంట్లో సగం 1,000 పోతుంది. రెండు కోతలూ పోను మీకు వచ్చేది 10,000. పోయేది 10,800. క్లెయిమ్ పెట్టి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ కోసం ఎదురుచూసి, చివరికి 800 నష్టం.

ఈ లెక్కను మీ పాలసీ కాగితంలోని అంకెలతో మళ్లీ వేయాలి. ప్రీమియం ఏటేటా కొంత తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలు కొత్తవి వేయిస్తే వాటి మీద 50 శాతం కోత ఉంటుంది. రేకు భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతుంది, ఆరు నెలల లోపు కారుకు ఏమీ ఉండదు. ప్యానెళ్లు మార్చాల్సి వచ్చి, బిల్లు ముప్పై నలభై వేలు దాటేటట్టుంటే వెనకాడకుండా క్లెయిమ్ పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటి చెట్లను కూల్చినట్టు, తుపానుకు కొమ్మ విరిగి కారు మీద పడినా కాంప్రహెన్సివ్ పాలసీలో అది సొంత నష్టం కిందికే వస్తుంది. ఇన్సూరెన్స్ ఉన్నది అలాంటి రోజు కోసం.

క్లెయిమ్ పెట్టాలనుకుంటే ఫొటోలు తీసి వెంటనే కంపెనీకి చెప్పండి, సర్వే అయ్యేదాకా రిపేరు మొదలుపెట్టించకండి. ఏడాది పొడవునా పడిన గీతలన్నీ కూడబెట్టి ఒకే ప్రమాదంలో పడ్డాయని చెప్పమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. ఒక్కో దెబ్బ ఒక్కో క్లెయిమ్. తుప్పు పట్టిన పాత గీత నిన్న పడలేదని సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. అబద్ధం చెప్పి పెట్టిన క్లెయిమ్ మొత్తానికే పోతుంది.

ఇక షెడ్డు ఎంపిక. గాజువాక ఆటోనగర్ షెడ్డుకు వెళ్లినా, కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లినా ధర ప్యానెల్ లెక్కన చెబుతారు. ధర కన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి. రేకును వెనక నుంచి కొట్టి సరిచేస్తారా, గుంటను పుట్టీతో నింపేస్తారా? పుట్టీ పల్చగా ఉండాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే కొన్నాళ్లకు పగులుతుంది, ఆ పగులులోంచి నీరు దిగుతుంది. రంగు బూత్‌లో వేస్తారా, ఆరుబయటా? కంప్రెసర్‌కు తేమ ఆపే ఫిల్టర్ ఉందా? ఇది అడిగితే కొందరు వింతగా చూస్తారు, అయినా అడగండి. మన ఊరి తేమలో ఫిల్టర్ లేకపోతే గాలితో పాటు నీటి తుంపర వచ్చి రంగులో బుడగలు లేస్తాయి. వానాకాలంలో అయితే ఆరుబయట రంగుకు అసలు ఒప్పుకోకండి. మామూలు తెలుపు కారైతే చేయి తిరిగిన పెయింటర్ ఉన్న ఏ షెడ్డయినా చాలు. మెటాలిక్, పెర్ల్ రంగులకు పక్క ప్యానెల్‌లోకి కలిపేస్తూ వేయడం వచ్చినవాళ్లనే వెతకాలి, లేకపోతే ఎండలో ఆ డోరు వేరే కారుదిలా కనిపిస్తుంది. ఏం చేస్తారో కాగితం మీద రాయించుకోండి.

అభ్యాసం. సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు సెల్లార్. ఐదేళ్ల మెటాలిక్ గ్రే కారు స్తంభానికి రాసుకుంది. వెనక బంపర్ మూల గీరుకుపోయింది. వెనక డోరుకు బాడీ గీత మీద మడత సొట్ట పడింది, దాని మధ్యలో గోరంత మేర లోహం కనిపిస్తోంది. ముందు ఫెండర్ మీద ఎప్పటిదో సన్నటి గీత, నీళ్లు చల్లితే మాయమవుతోంది. జవాబు మీరు రాసుకున్నాకే కింది వాక్యాలు చదవండి.

బంపర్‌ను వదిలేయాలి. ఫెండర్‌కు పాలిష్ చాలు, అదీ తీరిక ఉన్నప్పుడు. డోరు మీద లోహం కనిపించే చోట ఈరోజే ప్రైమర్ చుక్క పెట్టాలి. అక్కడ పీడీఆర్ పనిచేయదు, డెంటింగ్, పెయింటింగ్ రెండూ తప్పవు. మెటాలిక్ కాబట్టి రంగు కలిపి వేయడం వచ్చినచోటికే వెళ్లాలి. క్లెయిమ్ సంగతి బిల్లు అంచనా చేతికొచ్చాక పైన చెప్పిన లెక్కతో తేల్చాలి.

ఇప్పుడు మీ కారు చుట్టూ తిరిగి ప్రతి గీతకూ ఇదే చేయండి. ఒక కాగితం మీద ప్యానెల్ పేరు, నీటి పరీక్షలో ఏం తేలింది, గోరు ఆగిందా, అడుగున ఏ రంగు కనిపించింది అని రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది. దానికి మీ రంగు కోడ్ టచప్ సీసా, 2000 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం), మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు తెచ్చి ఉంచుకోండి.