పాఖాలలో ఒక గంట ఎలా గడపాలి

వరంగల్ జిల్లాలోని పాఖాల చెరువు చూడడానికి వచ్చేవాళ్లలో చాలామంది గట్టెక్కి, ఫోటో దిగి, పావుగంటలో తిరుగుముఖం పడతారు. కాకతీయ గణపతిదేవుని కాలపు చెరువండీ, కాస్త నిలబడి చూడండి!

మార్చి చివర్లో, ఎండ ముదరకముందే రండి. ఫోను సంచిలో పడేసి, ముందు కళ్లు మూసుకోండి. దగ్గరి చప్పుళ్లు ముందు వినిపిస్తాయి, దూరపువి మెల్లగా తెలుస్తాయి. తొందరపడి పిట్ట పేరు వెతక్కండి, కూత వినండి చాలు.

దారి పక్కన ఇప్పచెట్టుంటే మీ అదృష్టం. పూలు తెల్లవారుజామున రాలతాయి. చెట్టు కనిపించకముందే తీపీ పులుపూ కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. ఒక పువ్వు తీసి వేళ్లతో నొక్కండి: కండగల రేకు, జిగురుగా రసం. కేసరాలు తీసేసి నాలుక మీద పెట్టుకుంటే ముందు తీపి, తర్వాత కాస్త వగరు. మోదుగపువ్వుకు వాసన లేదు. దాని మొగ్గ అడుగున ముదురు గోధుమరంగు తొడుగును నిమిరి చూడండి, అచ్చం మఖమలు.

అడవి లోపలికి మాత్రం ఒంటరిగా వెళ్లకండి. ఇప్పపూలంటే ఎలుగుబంట్లకూ ఇష్టమే.