మావారి నోటి క్యాన్సర్ చికిత్సకు ముందు మేం చూసుకున్నవి

మావారికి నాలుక అంచున క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, తర్వాత రేడియేషన్ అన్నారు. అందరి టెన్షనూ ఆపరేషన్ గురించే. నేను మాత్రం ముందు పళ్ల సంగతి పట్టుకున్నాను.

రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముకే దెబ్బతినొచ్చు. అందుకే పాడైన పళ్లు ముందే తీయించి, గాయం మానడానికి కనీసం 2 వారాలు వదలాలి. క్యాన్సర్ డాక్టరునీ పళ్ల డాక్టరునీ ఫోన్లో మాట్లాడించాకే తేదీలు కుదిరాయి. లేకపోతే మధ్యలో మనమే నలుగుతాం. రేడియేషన్ వల్ల లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి, ఫ్లోరైడ్ జెల్ పెట్టుకునే ట్రేలకు కూడా అప్పుడే కొలతలిచ్చాం.

ఆపరేషన్ తర్వాత ముక్కులోంచి ఆహార గొట్టం అంటే ఆయన ససేమిరా అన్నారు. నేను వాదించలేదు. మాట, మింగడం ఇబ్బందులు చూసే స్పీచ్ థెరపిస్టే గొట్టం చూపించి, ఎందుకో చెప్పారు. మింగే వ్యాయామాలు, దవడ బిగుసుకోకుండా నోరు తెరిచే వ్యాయామాలు కూడా ఆమే ముందుగా నేర్పారు. బరువు తగ్గకుండా డైటీషియన్ చెప్పినట్టు మెత్తని, ప్రొటీన్ ఎక్కువున్న తిండి పెట్టాను.

పొగాకు మానడానికి కౌన్సెలింగ్, మందు రెండూ వాడారు. ఇంట్లో ఎవరూ దెప్పకూడదని గట్టిగా చెప్పాను.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట రాకపోవచ్చు కనుక చిన్న రాత పలక కొన్నాం. 'నొప్పి', 'నీళ్లు', 'కఫం తీయండి' అని కార్డులూ రాశాం. 'టీవీ ఆపు' కార్డు మాత్రం ఆయన సొంత ఆలోచన.