నడుం నొప్పికి కైరోప్రాక్టిక్, వ్యాయామం కలిపి ఎలా చేయాలి?

కైరోప్రాక్టర్, అంటే వెన్నెముక కీళ్లను చేత్తో నొక్కి సర్దే చికిత్సకుడు, నడుం టక్కుమనిపించగానే ఒళ్లు తేలికవుతుంది. ఆ తేలిక చాలామందికి కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు. ఈలోగా కండరాలకు పని చెప్పకపోతే నొప్పి తిరిగొస్తుంది, బిల్లూ తిరిగొస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016 సూచనలు కూడా ఇలాంటి చేతి వైద్యాన్ని వ్యాయామంతో కలిపి మాత్రమే వాడమంటాయి.

ముందు ఇవి చూసుకోండి

మూత్రం లేదా మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవక నేలకు ఈడుస్తున్నా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడ్డాక మొదలైన నొప్పి, ఒకప్పుడు క్యాన్సర్ వచ్చి ఉండటం: వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు చూడాలి. ఎముకలు గుల్లబారినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు లేదా రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారు డాక్టరు సరేననకుండా నడుం విరిపించుకోకూడదు.

క్లినిక్ ఎలా ఎంచుకోవాలి

మన దేశంలో కైరోప్రాక్టర్లకంటూ ప్రత్యేక రిజిస్ట్రేషన్ కౌన్సిల్ లేదు. బోర్డు చూసి వెళ్లిపోకుండా ఎక్కడ, ఎన్నేళ్లు చదివారో అడగండి. మంచి చికిత్సకుడు చెయ్యి వేసేముందు వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూస్తాడు, మోకాలి మీద సుత్తితో తడతాడు, కాలి బొటనవేలి బలం పరీక్షిస్తాడు. "ఎముక జరిగింది, కూర్చోబెట్టాం" అన్నారంటే నమ్మనక్కర్లేదు. టక్కుమనే ఆ చప్పుడు మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడులాంటిదే, కీలు లోపలి ద్రవంలో వాయువు బుడగ కట్టడం వల్ల వస్తుంది. సమస్య నడుంలో ఉంటే మెడ తిప్పనివ్వకండి. అరుదుగానైనా మెడలోని ధమని చీరి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

20 సిటింగ్‌ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. నాలుగు నుంచి ఆరు సిటింగ్‌ల్లో తేడా కనిపించకపోతే ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. క్లినిక్ ఇంటికి దగ్గర్లో ఉండాలి. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సిల్క్ బోర్డు దాటి వెళ్లి, తిరుగు ట్రాఫిక్‌లో గంటన్నర క్యాబ్‌లో కూలబడితే చేయించుకున్నదంతా దారిలోనే పోతుంది.

ఆ రోజే మొదలుపెట్టే మూడు వ్యాయామాలు

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించినవి ఇవి. ఒక్కో భంగిమలో 10 సెకన్లు ఆగాలి. ముందు 6 సార్లు, కాస్త ఆగి 4 సార్లు, ఆపైన 2 సార్లు. పక్క మార్చేవైతే రెండు వైపులా అంతే. ఊపిరి బిగపట్టొద్దు.

1. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి. రెండు అరచేతులూ నడుం కింది ఖాళీలో పెట్టి తల, భుజాలు నేల నుంచి అంగుళం మాత్రమే లేపండి. చాలామంది గడ్డం ఛాతీకి ఆనించేస్తారు, దాంతో మర్నాడు మెడ పట్టేస్తుంది. చూపు పైకప్పు మీదే ఉంచండి.

2. పక్కకు తిరిగి, మోచేతి మీద, మడిచిన మోకాళ్ల మీద ఆని తుంటిని లేపండి. మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉండాలి, ముందుకు జరిగితే భుజం నొప్పి పెడుతుంది.

3. పసిపిల్లలు పాకే భంగిమలో ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపండి. తర్వాత మార్చండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాలు బాగా ఎత్తాలన్న ఉత్సాహంలో నడుం కిందికి జారుతుంది, లేదా తుంటి ఓ పక్కకు తిరుగుతుంది. నడుం మీద చిన్న స్టీలు పళ్లెం పెట్టుకుని చేయండి. పళ్లెం జారిందంటే కాలు అవసరానికి మించి లేచినట్టే, కాస్త దించండి.

నిద్ర లేచిన గంటలోపు ఇవి వద్దు. రాత్రంతా పడుకోవడంతో వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని బిగుసుకుని ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. సాక్సులు వేసుకోవడానికీ అదే వర్తిస్తుంది, కూర్చుని కాలు పైకి తెచ్చుకోండి.

నొప్పి ఎటు పోతోందో గమనించండి

వ్యాయామం చేస్తున్నప్పుడు పిక్కలో ఉన్న నొప్పి తొడకి, తొడ నుంచి నడుంకి వెనక్కి వస్తే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి సూచన. నడుంలో తగ్గి కిందికి పాకుతుంటే ఆ వ్యాయామం ఆపాలి.

నొప్పి బాగా ఉన్నప్పుడు కాపడం పెట్టుకోవచ్చు, కానీ రెండ్రోజులకు మించి మంచం పట్టొద్దు. రోజుకు మూడుసార్లు 10 నిమిషాలు నడవండి. అగర చెరువు గట్టయినా, అపార్ట్‌మెంట్ చుట్టూ అయినా పర్లేదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నేర్పించి నడిపించినవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టింది, నడిపించనివారిలో 112 రోజులే.

నీళ్ల క్యాన్

బెంగళూరు ఇళ్లలో నడుం పట్టేయడానికి 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒక్కటి చాలు, అది 20 కిలోలకు పైనే. దాన్ని ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించేటప్పుడు వంగడం, మెలితిరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. క్యాన్‌ను నేల మీదే ఉంచి ఛార్జింగ్ పంపు పెట్టుకుంటే సరి. జరపక తప్పకపోతే మెడ దగ్గర పట్టుకుని వంచి, అడుగు అంచు మీద దొర్లించండి.