పిందె పసుపెక్కి రాలుతోందా? పువ్వు విచ్చే వేళ చూడండి

మిద్దెతోట వేసినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "తీగ బాగా పాకింది, పూలూ బోలెడు. పిందె బొటనవేలంత కాగానే రాలిపోతోంది, ఏం మందు కొట్టాలి?" చాలాసార్లు ఏ మందూ అక్కర్లేదు. ఆ పువ్వు మీద తేనెటీగ వాలలేదు, అంతే.

పూలే గానీ పిందెలు లేవు

పువ్వు వెనక చూడండి. ఉత్త కాడ ఉంటే మగపువ్వు, బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు. గుమ్మడి, సొర, బీర తీగలకు మొదట మగపూలే వస్తాయి. కొన్నాళ్లు ఆగండి. యూరియా దండిగా వేస్తుంటే మానేయండి.

పిందె పసుపెక్కి, కుళ్లి రాలుతోంది

ముందు ఒక పిందె కోయండి. పైన సూదితో పొడిచినట్టు చుక్క, లోపల తెల్లటి పురుగులు ఉంటే అది పండు ఈగ పని. రాలినవన్నీ ఏరి, సంచిలో మూటగట్టి ఎండలో పెట్టండి.

పురుగు లేదంటే పుప్పొడి అందలేదన్నమాట. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆడపువ్వుకు ఆ ఒక్క పూటే గడువు. నేను మొదటి ఏడాది టిఫిన్ చేసి తీరిగ్గా పదిన్నరకు మేడెక్కేవాణ్ణి. ముడుచుకున్న పువ్వును విప్పదీసి రుద్దితే ఏం లాభం!

ఆరింటికే వెళ్లండి. మగపువ్వు తుంచి రేకులు ఒలిచేస్తే మధ్యలో పసుపు పొడి అంటిన కాడ మిగులుతుంది. వేలికి పొడి అంటుతోందా? అయితే దాన్ని ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అందుకునే తమ్మెలన్నిటికీ తగిలేలా మెల్లగా రుద్దండి. ఒకవైపే తగిలితే కాయ వంకర పోవచ్చు. గింజ కట్టని చోట కండ సరిగా పట్టదు. దోసకాయ ఒక కొస బొద్దుగా, ఇంకో కొస సన్నగా వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. సొర తెల్లపూల కోసం చీకటిపడ్డాక చిమ్మటలు వస్తాయి. వీటికి చేతిపని సాయంత్రమే.

టమాటా, వంగ పూత రాలుతోంది

ఇక్కడ పని మామూలు తేనెటీగ వల్ల కాదు. పుప్పొడి కేసరాల గొట్టాల్లో ఉంటుంది, జుమ్మని అదిరిస్తేనే కొసన ఉన్న రంధ్రం నుంచి రాలుతుంది. తుమ్మెద, నీలిచారల తేనెటీగ పువ్వును పట్టుకుని ఆ పని చేస్తాయి. అవి రాకపోతే ఉదయం పూలగుత్తిని వేలితో తట్టండి. మే ఎండలకైతే పుప్పొడే పాడవుతుంది. షేడ్‌నెట్ కట్టండి.

అసలు తేనెటీగలే రావడం లేదు

ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు మొక్క మొదలు దగ్గర పోస్తే పుప్పొడిలోకీ, మకరందంలోకీ చేరుతుంది, మానేయండి. వేపనూనె కూడా పూల మీద పడకుండా కొట్టండి. పొద్దుగూకాక కొట్టమంటారు గానీ, బీర అప్పుడే విచ్చుతుందని మరవకండి. తులసి వెన్నులు తుంచొద్దు, ఒక కుండీ కొత్తిమీరను పూతకు వదిలేయండి. ఎండిన వెదురు బొంగులు ఓ మూల ఉంచండి, తుమ్మెద వాటిలో గూడు పెడుతుంది.