కోనిగ్రాట్స్ 1866 టేబుల్ మీద తేడా కొడుతుంటే: సమస్య - పరిష్కారం

1866 జులై 3న బొహీమియాలో ప్రష్యాకీ ఆస్ట్రియాకీ జరిగిన ఈ యుద్ధాన్ని టేబుల్ మీద సైనికుల బొమ్మలతో ఆడేవాళ్లకి ఎదురయ్యే చిక్కుల్లో సగం ఒకే చోట పుడతాయి. ఆ రోజు సేనాపతులకి సరిగ్గా తెలియని సంగతులన్నీ మనకి ముందే తెలుసు. కాబట్టి రూల్‌బుక్‌ని తిట్టుకునే ముందు ఇవి చూసుకోండి. బొమ్మలు 6 మి.మీ. అయినా 15 మి.మీ. అయినా పెద్ద తేడా ఉండదు.

సమస్య: ఆస్ట్రియా తీసుకున్నవాళ్లు మొదటి టర్నులోనే ఉత్తరానికి తిరిగి కూర్చుంటున్నారు

కారణం: మధ్యాహ్నానికి ప్రష్యా యువరాజు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రెండో సైన్యంతో ఉత్తరం నుంచి దిగుతాడని అందరికీ తెలుసు. అసలు యుద్ధంలో ఆ వైపు కాయాల్సినవి ఆస్ట్రియా 2వ, 4వ కోర్లు (కోర్ అంటే చాలా బ్రిగేడ్లు కలిసిన పెద్ద దళం). ఫ్రాన్సెకీ నడిపిన ప్రష్యా 7వ డివిజన్ స్వీప్‌వాల్డ్ అడవిలోకి చొరబడేసరికి, దాన్ని తరిమేద్దామని ఈ రెండు కోర్లూ బ్రిగేడ్ తర్వాత బ్రిగేడ్‌ని అడవిలోకి తోశాయి. ఉత్తరాన ఖాళీ ఏర్పడింది. ఆ సందులోంచి ప్రష్యా గార్డు దళం వచ్చి ఖ్లుమ్ ఊరిని పట్టుకుంది. పొద్దుటి నుంచి వాన, పొగమంచు. ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ సరిగ్గా కనపడలేదు.

పరిష్కారం: యువరాజు రాకని గడియారానికి కట్టేయకండి. పన్నెండు గంటల టర్ను నుంచి ప్రతి టర్నుకీ ఒక పాచిక వేయండి. 5 గానీ 6 గానీ పడితేనే మొదటి బ్రిగేడు బోర్డు మీదకి వస్తుంది. ఎక్కడి నుంచి రావాలో ఇంకో పాచిక చెబుతుంది. ఇదేమీ గాల్లోంచి పుట్టిన రూలు కాదు. రమ్మన్న ఆదేశం ఆ యువరాజుకి చేరింది రాత్రివేళ గుర్రపు రౌతు చేతిలో. దారిలో ఏమైనా జరగొచ్చు.

దాంతోపాటు స్వీప్‌వాల్డ్‌కి పాయింట్లు పెట్టండి. అడవిలోకి వెళ్తే లాభం ఉందనిపిస్తేనే ఆస్ట్రియా ఆటగాడు వెళ్తాడు. ఊరికే చరిత్ర కోసం ఎవరూ నెత్తిన కొరివి పెట్టుకోరు.

మూడో మనిషి దొరికితే మాత్రం అంపైర్‌ని పెట్టడమే అన్నిటికంటే మేలు. 1824లో రైస్‌విట్స్ తయారుచేసిన క్రీగ్స్‌ష్పీల్ అనే యుద్ధపు ఆటతో ప్రష్యా అధికారులు నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. మొత్తం పటం అంపైర్ దగ్గరే ఉంటుంది, ఆటగాళ్లకి తమ దళాలు చూసినంతే కనపడుతుంది. "మాస్లోవెడ్ ఊరి అవతల పొగ లేస్తోంది, ఎవరిదో తెలియడం లేదు" అని చీటీ మీద రాసిస్తే చాలు. ఆస్ట్రియా ఆటగాడు టేపు పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు.

సమస్య: సూది తుపాకీ ముందు ఆస్ట్రియన్లు పిట్టల్లా రాలిపోతున్నారు

కారణం: చాలా రూల్సులో డ్రైజె సూది తుపాకీకి అన్ని దూరాల్లోనూ ఒకటే బోనస్ ఇస్తారు. అది తప్పు. దాని బలం వేగం. వెనక నుంచి గుండు పెట్టే తుపాకీ కాబట్టి పడుకుని కూడా నింపుకోవచ్చు. ఆస్ట్రియన్ల లోరెంజ్ తుపాకీతో ఒకటి రెండు గుళ్లు పేల్చే నిమిషంలో దీంతో నాలుగైదు పేలుతాయి. కానీ మూత దగ్గర గ్యాస్ లీకవడం వల్ల దూరానికి పోయేకొద్దీ దీని పస తగ్గిపోతుంది. దూరం నుంచి గురి చూసి కొట్టడంలో ఆస్ట్రియన్ల లోరెంజ్‌దే పైచేయి.

పరిష్కారం: బోనస్‌ని దగ్గర దూరానికే పరిమితం చేయండి. దూరపు కాల్పుల్లో లోరెంజ్‌కి ఒక మెట్టు ఎక్కువ ఇవ్వండి. సూది తుపాకీ బలాన్ని మొత్తంగా సగం చేసేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే అది 1866 యుద్ధం అనిపించుకోదు.

రెండో సగం తప్పు ఆటగాడిదే. 1859లో ఇటలీలో ఫ్రెంచివాళ్ల చేతిలో ఓడాక, కాలమ్ కట్టి బాయొనెట్లతో మీదపడడమే మార్గమని ఆస్ట్రియన్లు తేల్చుకున్నారు. వాళ్లు చేశారు కదా అని మీరూ చేయక్కర్లేదు. ఆస్ట్రియాకి నిజమైన బలం ఫిరంగులు. వాటిలో గాడి గొట్టాలవి (గొట్టం లోపల గాళ్లుండి దూరం కొట్టేవి) ఎక్కువ, ప్రష్యా దగ్గర ఇంకా నున్న గొట్టాల ఫిరంగులు చాలానే ఉండేవి. లిపా, ఖ్లుమ్ ఎత్తుల మీద నిలిపిన బ్యాటరీలు ప్రష్యా మొదటి సైన్యాన్ని పొద్దుటంతా బిస్ట్రిట్స్ వాగు దగ్గరే ఆపేశాయి. టేబుల్ మీద ఇరువైపులా ఫిరంగులకి ఒకే రేంజి పెట్టారేమో చూడండి. పదిసార్లకి తొమ్మిదిసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

సమస్య: చీకటి పడుతోంది గానీ ఆట మధ్యాహ్నం దాటడం లేదు

కారణం: రెండువైపులా కలిపి నాలుగు లక్షల మందికి పైగా ఉన్న యుద్ధాన్ని బెటాలియన్ల లెక్కన, అంటే బ్రిగేడ్‌లోని చిన్న ముక్కల లెక్కన ఆడుతున్నారు.

పరిష్కారం: ఒక బేసు (బొమ్మల్ని అతికించిన ఒక పలక) ఒక బ్రిగేడ్ అనుకోండి. లేదంటే స్వీప్‌వాల్డ్ ఒక్కటే ఆడండి. ఒకవైపు ఫ్రాన్సెకీ డివిజన్, ఇంకోవైపు వంతులవారీగా వచ్చే ఆస్ట్రియా బ్రిగేడ్లు. ఒక సాయంత్రానికి సరిపోతుంది, నాకు మొత్తం యుద్ధం కంటే ఇదే ఇష్టం. చెట్లని టేబుల్‌కి అతికించకండి. ముదురాకుపచ్చ గుడ్డ పరిచి దాని మీద విడిగా నిలబెడితే, బొమ్మలు కదిపేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు.

సమస్య: ఎలాగూ ఆస్ట్రియా ఓడుతుంది కదా అని ఆ పక్షం ఎవరూ తీసుకోవడం లేదు

కారణం: గెలుపంటే ఖ్లుమ్ ఎవరి చేతిలో ఉందన్నదే అని పెట్టుకున్నారు.

పరిష్కారం: ఆస్ట్రియా సేనాపతి బెనెడెక్ ఆ రోజు ఖైదీలతో కలిపి సుమారు 44,000 మందిని పోగొట్టుకున్నాడు, ప్రష్యా నష్టం 9,000 దాకా. అయినా సైన్యం పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. ఫిరంగులు, అశ్వికదళం వెనక అడ్డు నిలబడితే మిగతావాళ్లు ఎల్బె నది దాటి బయటపడ్డారు. కాబట్టి ఎల్బె వైపు అంచు నుంచి క్షేమంగా బయటికి పోయిన ప్రతి బ్రిగేడ్‌కీ ఆస్ట్రియాకి పాయింట్లు ఇవ్వండి. అప్పుడు ఖ్లుమ్ పోయాక కూడా ఆట మిగిలే ఉంటుంది. రిజర్వుని ఊరి మీదకి పంపాలా, పారిపోయే దారికి కాపలా పెట్టాలా అన్నది తేల్చుకోవడం కష్టమే.

సమస్య: వార్నిష్ స్ప్రే కొట్టాక బొమ్మలు బూడిద పూసినట్టు తెల్లబడ్డాయి

కారణం: గాల్లో తేమ. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో ఇది మామూలే. ఆస్ట్రియన్ల తెల్లకోట్ల మీద పెద్దగా తెలియదు గానీ, ప్రష్యన్ల ముదురు నీలం మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

పరిష్కారం: రంగు గీకేయకండి. మెరుపు వార్నిష్ ఒక పూత బ్రష్‌తో వేస్తే ఆ తెలుపు చాలావరకు పోతుంది. బాగా ఆరాక మ్యాట్ పూత వేయండి. స్ప్రేనే కావాలంటే వాన వెలిసి గాలి పొడిగా ఉన్న రోజు కొట్టండి.