అమ్మానాన్నలకు ఫోన్‌లో ఆటో, ఆసుపత్రి టోకెన్ నేర్పించాలంటే

ముందు వాళ్ల ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి, భాష తెలుగులోకి మార్చి, ఆటో యాప్‌ని మొదటి స్క్రీన్ మీదే పెట్టండి. ఇల్లు, ఎప్పుడూ వెళ్లే ఆసుపత్రి, ఈ రెండు అడ్రస్‌లూ సేవ్ చేస్తే టైపు చేసే పనే ఉండదు.

అసలు టెన్షన్ ఓటీపీ దగ్గర. ఎవరికీ చెప్పొద్దని మనమే వందసార్లు చెప్పి, ఇప్పుడు ఆటో అతనికి చెప్పమంటే మా అమ్మ భయపడిపోయింది, అందులో ఆవిడ తప్పేం లేదు. తేడా ఇలా చెప్పండి: ఆటో నంబరు ఫోన్‌లో ఉన్నదానితో కలిస్తేనే, ఎక్కేటప్పుడు ఎదురుగా ఉన్న డ్రైవర్‌కి, ఆ యాప్‌లో కనిపించే నాలుగంకెలు చెప్పాలి. ఫోన్ చేసి అడిగేవాళ్లకు మాత్రం ఏ అంకెలూ చెప్పకూడదు, బ్యాంకు నుంచి అన్నా సరే.

ఆసుపత్రికి వెళ్లేలోపు ఆధార్‌తో ఆభా నంబరు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు నంబరు, తీసి పెట్టండి, 14 అంకెలుంటుంది. ఓపీ కౌంటర్ దగ్గర ఆభా క్యూఆర్ కోడ్ ఉంటే, ఆభా యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు వాళ్లకు చేరి టోకెన్ వస్తుంది, మోకాళ్ల నొప్పులతో పొడవాటి లైన్లో నిలబడక్కర్లేదు. ఆభా బీమా కార్డు కాదు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చేది ఆయుష్మాన్ వయ వందన కార్డు, దాన్ని ఆయుష్మాన్ యాప్‌లో వేరుగా తీసుకోవాలి.

నేర్పేటప్పుడు మీరు నొక్కకండి. పక్కన కూర్చోండి, వాళ్లనే నొక్కనివ్వండి. ప్రాణం మీదికొస్తే మాత్రం యాప్‌లేవీ వద్దు, నేరుగా 108.